బెత్తెడు ఎత్తు

వరద వచ్చిన రెండో ఏడు జరిగింది ఇది. మా వైపు లెక్కలన్నీ ఆ వరద నుంచే. ఎవరి బిడ్డ వయసు అడిగినా, ఎవరి గోడ ఎప్పుడు కట్టారని అడిగినా, వరదకి ముందా వెనకా అన్నదే మొదటి మాట. ఏటి మీద వంతెనను ఆ వరదే తీసుకుపోయింది. మొదటి ఏడు కొత్త వంతెన కడతారని ఎదురుచూశాం. రెండో ఏడు ఎదురుచూడటం మానేశాం.

ఏటికి అవతల పశువుల కొట్టాలు, ఇవతల పాల కేంద్రం. రెంటికీ మధ్య మా జీపు. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత, అవతల నుంచి పాల క్యాన్లు తేవాలి. తోలేది మా అమ్మాయి. నేను నలభై ఏళ్లు లారీలకు కమాన్లు కట్టాను. బండి కింద బరువంతా మోసే ఇనుప పట్టీల కట్టను కమాను అంటారు. కుడి భుజం పోయాక ఆ పని మానేశాను. పెరట్లో కొలిమి ఉంది గానీ దాంట్లో కోళ్లు పడుకునేవి. ఇల్లు నడిచేది పాలబండి మీదే. అది పోతే ఇంకొకటి లేదు.

వానలు మొదలయ్యే ముందు పాల కేంద్రం గుమస్తా గోడకి ఒక కాగితం అంటించాడు. బండి ఆలస్యమై పాలు విరిగితే రెండుసార్లు ఊరుకుంటారట. మూడోసారికి బండిని మార్చేస్తారట. అమ్మాయి చదివి నాకు చెప్పింది. 

వానలు పడ్డ వారానికే జీపు ఏటి మధ్యలో ఆగింది. అదీ పాలతో వస్తున్నప్పుడు. నేను ఇవతలి గట్టు మీద ఉన్నాను. ఫ్యాను నీళ్లను ఎత్తి ఇంజను మీద కొట్టడం కనిపించింది. ప్లగ్గులకు కరెంటు పంచే మూత తడిసి ఉంటుంది. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది. ట్రాక్టరు పిలిపించి లాగించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

గుమస్తా ఒక్కో క్యానుకీ మూత తీసి, వాసన చూసి, మళ్లీ పెట్టేశాడు.

"ఒకటి," అన్నాడు.

"ఏరు పొంగితే మా తప్పా?" అంది అమ్మాయి.

"ఏటికి కాగితం అంటించలేను కదమ్మా. అంటించినా అది చదవదు."

ట్రాక్టరాయన బయట తాడు చుట్టుకుంటున్నాడు. పాలబండి మీద ఆయనకు ఎప్పట్నుంచో కన్ను. నన్ను చూసి నవ్వాడు. "బాబాయ్, ముసలి బండిని ఎందుకు ఏడిపిస్తావ్? ఈ పని నాకు వదిలెయ్. నువ్వు గట్టు మీద చాప వేసుకుని చూద్దువుగాని."

"నీ ట్రాక్టరు కుదుపులకి పాలు కేంద్రానికి వచ్చేసరికి వెన్న తేలుతుంది," అన్నాను.

ఆ నెలలో నేనన్న పెద్ద మాట అదే.

జీపును ఎత్తు చెయ్యాలి. అందులో నాకు సందేహం లేదు. ఫ్యాను నీళ్లకి అందకూడదు. కొత్త సామాను కొనే మాట లేదు కాబట్టి పాత సామాన్ల కొట్టుకి వెళ్లి, లారీ పట్టీల కుప్ప పక్కన ఒక పూట కూర్చున్నాను. చిన్న సుత్తితో ఒక్కొక్కదాన్నీ తట్టి వినాలి. మంచి పట్టీ గంటలా పలుకుతుంది. లోపల బీట ఉంటే చెక్కలా పలుకుతుంది. నలభై తడితే నాలుగు పలికాయి. ఆ నాలుగూ ఇంటికి తెచ్చి, కోళ్లను తరిమి, కొలిమి ముట్టించాను.

పట్టీకి వంపు పెట్టే పని ఇద్దరిది. ఒకరు పట్టకారుతో ఎర్రటి పట్టీని దాగలి మీద పట్టుకుంటారు. ఇంకొకరు సమ్మెట వేస్తారు. పట్టుకున్నవాడి రెండో చేతిలో చిన్న సుత్తి ఉంటుంది. వాడు దాంతో ఎక్కడ తడితే అక్కడ సమ్మెట పడాలి. ఇక్కడా అక్కడా అని అడగకూడదు. అడిగేలోపు ఇనుము నల్లబడుతుంది. అందుకని మా పనిలో మాట ఉండదు. నేను మా నాన్న దగ్గర పదేళ్లు సమ్మెట వేశాను. ఆ పదేళ్లలో నేను ఆయన్ని ఒక్క మాటా అడగలేదు. నా భుజం పోయింది కాబట్టి ఇప్పుడు పట్టకారు నాది, సమ్మెట అమ్మాయిది. పొట్టిదైనా చెయ్యి గట్టిది. తట్టిన చోట వెంట్రుకవాసి తేడా రాకుండా వేసేది.

ఇక కొలత అంటారా, నాకు నా చెయ్యే కొలత. స్కేలు పట్టడం నేర్పే తరగతి దాకా నేను పోలేదు, మూడుతోనే ఆగింది. జాన, బెత్త, మూర. ఇవి ఎక్కడికెళ్లినా నాతోనే వస్తాయి, ఎవరూ అరువడగరు. నలభై ఏళ్లలో ఒక్క లారీ వంకరగా నిలబడలేదు. జీపును నాలుగు మూలలా బెత్తెడు లేపాను. నా బెత్త, నాలుగు వేళ్ల మందం.

లేపానో లేదో, షాఫ్టు పేచీ మొదలైంది. ఇంజను పైకి పోయింది, వెనక ఇరుసు ఎక్కడున్నది అక్కడే ఉంది. రెంటినీ కలిపే షాఫ్టు ఏటవాలై, కొంచెం వేగం అందుకుంటే చాలు బండి మొత్తం జ్వరం వచ్చినట్టు వణికేది. గేర్ పెట్టెను మోసే అడ్డపట్టీకీ చాసిస్‌కీ మధ్య ముక్కలు పెట్టి దాన్ని కొంచెం దించాను. వణుకు తగ్గింది, గేర్లు పడటం మానేశాయి. గేర్ రాడ్డును వంచాను. గేర్లు పడ్డాయి, బ్రేకు పైపు పొడవు చాలక లాగేసుకుని కారింది. ఒకటి బిగిస్తే ఇంకొకటి వదులయ్యేది. పడుకుంటే కళ్లముందు నట్లు తిరిగేవి.

మా వీధి చివర లేత్ మిషను నడిపే ఆయన్ని అందరూ అరనూలు అంటారు. అంగుళంలో ఎనిమిదో వంతును మా పనుల్లో నూలు అంటాం. ఏ పని ఇచ్చినా చివర్లో "ఇంకో అరనూలు తియ్యనా?" అని అడుగుతాడు కాబట్టి ఆ పేరు. పొడుగు బోల్టులు, దుక్క ఇనుప ముక్కలు అన్నీ ఆయన దగ్గరే చేయించాను.

"అన్నా, నువ్వు ఈ బండికి ఒకటి చేస్తే నేను మూడు చెయ్యాల్సొస్తోంది," అన్నాడు ఒకరోజు.

"చెయ్యి."

"ఎత్తు పెంచావు, షాఫ్టు వంకరైంది. షాఫ్టు సరిచేస్తే బ్రేకు పోయింది. ఇప్పుడేమో ఆ ఏనుగు టైర్లు తెచ్చావు, స్టీరింగు తిరగట్లేదు. దీనికంటే ఏటినే బెత్తెడు కిందికి దించడం తేలిక."

"దానికి నీ లేత్ చాలదు."

టైర్ల సంగతి నిజమే. క్వారీలో పక్కన పారేసిన లోడ్ బండి టైర్లు నాలుగు దొరికాయి. వాటితో బండి ఇంకో మూడు వేళ్లు లేచింది. పట్టు బాగా దొరికింది. కానీ స్టీరింగు రాయైపోయింది. ఖాళీ బండినైతే ఎడం చేత్తో ఎలాగో తిప్పేవాణ్ణి. నిండు బండిని నా భుజంతో తిప్పే ఆశ లేదు. అమ్మాయి మాత్రం రెండు చేతులా వేలాడి తిప్పేది. ఏమీ అనలేదు.

మా ఆవిడ గడపలో నిలబడి చూసేది. "నా మోకాళ్లు కూడా అరిగాయి. ఆ కుప్పలో నాకు సరిపడే పట్టీలేమైనా దొరుకుతాయేమో చూడండి," అనేది.

కరెంటు పంచే మూతకి పాత ట్యూబు రబ్బరు చుట్టి గ్రీజు పూశాను. పొగగొట్టాన్ని పాత మోటారు పైపుతో పైకి లేపి తలెత్తు చేశాను. అన్నీ అయ్యాక నేనే ఎక్కి ఖాళీ బండిని ఏట్లోకి దించాను. గేదె దిగినట్టు దిగింది. అటు వెళ్లి ఇటు వచ్చాను. ఫ్యాను నీళ్లని తాకలేదు. ఇంజను ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. ఆ రోజు అన్నం ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఏరు దాటే చోటు గురించి చెప్పాలి. వరదకి కూలిన వంతెన స్తంభం ఒకటి నీళ్లలో అడ్డంగా పడి ఉంది. దాని మీదుగా వచ్చిన నీరు దిగువన పెద్ద గుంట తవ్వింది. స్తంభానికీ గుంటకీ మధ్య ఒక్క బండి పట్టేంత బండరాయి దారి. స్తంభం కనబడదు. దాని మీద నీళ్లు ముడతలు పడతాయి. అవతల నుంచి వచ్చేటప్పుడు ఆ ముడతల్ని చూసుకుంటూ, వాటిని ఒరుసుకున్నట్టు రావాలి. కొంచెం దూరం జరిగితే గుంటే. గుర్తుగా కర్రలు పాతి చూశాం. కింద బండ కాబట్టి ఒక్క పూట కూడా నిలవలేదు. రాళ్లు పేర్చి వాటికి తేలే డబ్బా కట్టాం. పైనుంచి కొట్టుకొచ్చే దుంగలు డబ్బాని తీసుకుపోయాయి. ఏరు తగ్గిన రోజుల్లో అమ్మాయి అలవాటు మీద దాటేసేది. నీళ్లు పెరిగిన రోజే ముడతలు జరిగేవి. ఆ రోజు కళ్లతో చూసే రావాలి.

అలా నీళ్లు పెరిగిన ఒక పొద్దున రెండోది జరిగింది.

నేను గట్టు మీదే ఉన్నాను. జీపు నిండు క్యాన్లతో అవతలి గట్టు దిగింది. ఇంజను చప్పుడు శుభ్రంగా ఉంది. సగం దూరం వచ్చాక అమ్మాయి సీట్లోంచి లేచింది. స్టీరింగు పట్టుకుని సగం నిలబడింది. ఎందుకు లేచిందో నాకు తెలియలేదు. లేచిన మరుక్షణం ఇంజను నీరసించింది. బండి ఒక పక్కకి ఒరిగింది. ముందు చక్రం గుంటలోకి జారి అక్కడే కూర్చుంది.

ట్రాక్టరాయన ఈసారి పిలవకుండానే వచ్చాడు. తాడు కూడా విప్పుకునే వచ్చాడు.

"బాబాయ్, బండి మాత్రం భలే ఎత్తుంది. దూరం నుంచి చూసి మా వాళ్లు లైట్‌హౌసనుకున్నారు."

 పాల కేంద్రంలో గుమస్తా మూత తీశాడు, పెట్టాడు. "రెండు, పెద్దాయనా," అన్నాడు. "ఇంకోటైతే నా చేతుల్లో ఉండదు. ఇప్పుడే చెప్తున్నాను, తర్వాత నన్ననొద్దు."

ఇంటికొచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఎక్కడా నీళ్లు లేవు. మూత కింద రబ్బరు పొడిగా ఉంది. ఒక్క బోల్టు కదల్లేదు. రెండు నెలల చాకిరీ అంతా చెక్కుచెదరకుండా అలాగే ఉంది. ఉండి కూడా పాలు విరిగాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంజను ఎందుకాగింది?" అన్నాను.

"కాలు జారింది," అంది అమ్మాయి.

"సీట్లోంచి ఎందుకు లేచావ్?"

తను తడిసిన లంగా అంచు పిండుకుంటోంది.

"బండిలో లోపం లేదు. తోలేవాళ్లకే చేతకావడం లేదు," అన్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. అమ్మాయి ముఖం చూసి, మళ్లీ లోపలికెళ్లిపోయింది.

ఆ తర్వాత పది రోజులు అమ్మాయి నాతో పనికి కావాల్సిన మాటే మాట్లాడింది. పెట్రోలు ఉంది. గాలి కొట్టాలి. అవతలికి వెళ్తున్నాను. అంతకుముందూ మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. కానీ మాట లేకపోవడంలో కూడా రకాలుంటాయి. ఇది వేరే రకం.

నేను చేసిందేమిటంటే, ముందు వైపు ఇంకో రెండు వేళ్లు లేపడం. గుంటలో పడ్డా చక్రం పైకి ఎక్కి రావాలని. ఇంకో పట్టీ తెచ్చాను. దానికీ అమ్మాయే సమ్మెట వేసింది. నేను తట్టిన చోటల్లా వేసింది. ఎన్నడూ లేనంత గట్టిగా వేసింది. దాగలి దిమ్మ నేలలోకి దిగబడుతుందేమో అనిపించింది. నేను చిన్న సుత్తి పక్కన పెట్టాను. మా పనిలో దానర్థం చాలు అని. తను సమ్మెట దించి, చెమట తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆ రోజుల్లోనే ఒకసారి సీటు మీద తలగడ కనిపించింది. నడుం నొప్పేమో, ఈ వయసుకే నడుమేమిటి అనుకున్నాను. తీసుకెళ్లి మంచం మీద పడేశాను.

ఇంకో వారానికి సీటు కాళ్లు నేలకి అతికిన చోట పగులు వచ్చింది. బండి ఎత్తు పెరిగాక ఊపు ఎక్కువై, కాళ్లు లాగేసుకున్నట్టుంది. ఇంకో కొత్త పేచీ. పొద్దున విడత అయ్యాక సీటు విప్పి బయట పెట్టాను. ఎలాగూ విప్పాను కదా అని, నిండు బండి బరువుకి ముందు కొత్త పట్టీలు ఎలా కూర్చుంటాయో చూద్దామనుకున్నాను. క్యాన్లన్నింటికీ నీళ్లు పట్టి వెనక పెట్టించాను. ఇది మొదట్లోనే చెయ్యాల్సిన పని. లారీలకైతే బరువెక్కించకుండా ఎప్పుడూ పంపలేదు. సొంత బండి కదా అని వదిలేశాను.

సీటు లేదు కాబట్టి స్నానానికి వాడే చెక్కపీట తెచ్చి దాని చోట వేసుకుని కూర్చున్నాను. పగులు దగ్గర వంగి బోల్టు తిప్పుతున్నాను. బండి ముందు ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. ఆ చప్పుడుతో పాటే మా ఆవిడ గొంతు.

"వినబడుతోందా, ఆ గుడ్డ ఇలా విసరండి. గ్రీజు పూసి పూసి మడ్డి చేశారు, ఉతుకుతాను."

తల ఎత్తి చూశాను. మా ఆవిడ లేదు.

"ఎక్కడున్నావ్?"

"ఎక్కడుంటాను? మీ ఎదురుగానే. బండ దగ్గర."

ఉతికే బండ జీపుకి సూటిగా ఎదురుగా పదడుగుల దూరంలో ఉంటుంది. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంది. నాకు మాత్రం బానెట్ కనబడింది. దానికవతల గోడ పైవరస ఇటుకలు. వాటి పైన ఆకాశం. బండా లేదు, మనిషీ లేదు.

"ఏంటి అలా చూస్తున్నారు? దెయ్యాన్ని చూసినట్టు."

నేను చేత్తో పీట దగ్గర్నుంచి నా కళ్ల వరకు కొలిచాను. ఆ తర్వాత దిగి, తీసి పెట్టిన సీటు ఎత్తు కొలిచాను. సీటుకీ పీటకీ జానెడు తేడా. గుమ్మం దగ్గరికెళ్లి నిలబడ్డాను. అమ్మాయి పక్కన నిలబడితే తన తల నా చంకలోకి వస్తుంది. పీట మీద నా కళ్లున్న చోటే సీటు మీద తన కళ్లుంటాయి. ఇంట్లో అందరం తనని పొట్టీ అనే పిలుస్తాం. పుట్టినప్పట్నుంచీ పిలుస్తున్నాం. పిలిచే నోటికీ కొలిచే చేతికీ నాకు ఎక్కడా కలవలేదు.

మళ్లీ వెళ్లి పీట మీద కూర్చున్నాను. వెనక బరువుకి బండి వెనకాల కుంగింది. ముందు ముక్కు లేచింది. ఖాళీగా ఉన్నప్పుడు ఇంత లేవదు. నేను ఏట్లో తోలి చూసుకున్నది ఖాళీ బండిని. ఆరడుగుల పైన ఉన్న నన్ను కూర్చోబెట్టి చూసుకున్నాను.

పగులు బిగించి, సీటు మళ్లీ పెట్టి, క్యాన్లు ఖాళీ చేసి బండి ఇచ్చాను. సాయంత్రం విడత ముగించుకుని అమ్మాయి వచ్చింది. ఏరు తగ్గి ఉంది, ఇబ్బంది లేకుండానే వచ్చింది. కాళ్లు కడుక్కుంటుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను.

"పాలతో వచ్చేటప్పుడు నీకు నీళ్లు కనబడతాయా?"

తను చెంబు కింద పెట్టింది. "గట్టు దిగేదాకా కనబడతాయి. దిగాక బానెట్టే."

"మరెలా వస్తున్నావ్?"

"లేచి చూస్తాను. లేస్తే కాలు యాక్సిలేటరు మీద నిలవదు. కూర్చుంటే దారి తెలీదు. ఏదో ఒకటి."

"ఆ తలగడ..."

"వేసి చూశాను. క్లచ్ అందలేదు. రెండోరోజుకి తలగడే లేదు."

"ఎప్పట్నుంచి కనబడట్లేదు?"

"టైర్లు మార్చినప్పట్నుంచి కష్టం. రెండోసారి ముందు వైపు లేపాక అసలే లేదు."

"చెప్పలేదేం?"

తను నావైపు చూసింది. కోపం లేదు. అలసట ఉంది.

"నువ్వు తడుతూ ఉన్నావు, నేను వేస్తూ ఉన్నాను. మధ్యలో మాట్లాడకూడదని చెప్పింది నువ్వే కదా నాన్నా."

 చెంబు తీసి పక్కన పెట్టాను. అది అప్పటికే పక్కనే ఉంది.

మా ఆవిడ గుమ్మంలోంచి అంతా విన్నది. "పైన కొండల మీద చూశారా, ఎలా నల్లబడిందో," అంది. "రేపు పొద్దుటికి ఏరు లేస్తుంది. ఆ పట్టీలు ఊడదీసి పారెయ్యండి."

"రెండు రోజుల పని," అన్నాను.

"ఎక్కించడానికి రెండు నెలలు, దించడానికి రెండు రోజులా? అయితే రేపు మీరే తోలండి."

"నిండు బండికి రెండు భుజాలు కావాలి."

"మరి ఏం చేద్దామని?"

 అమ్మాయి లేచి తువ్వాలుతో కాళ్లు తుడుచుకుంది. "నేనే తెస్తాను. రోజూ తెచ్చినట్టే తెస్తాను. పడితే పడుతుంది," అని లోపలికెళ్లింది. మేం అన్నం తిన్నాం. కొండల వైపు ఉరిమింది. ఎవరూ తలెత్తి చూడలేదు.

మర్నాడు పొద్దున అమ్మాయి ఖాళీ బండితో ఎప్పట్లాగే చీకటుండగా వెళ్లింది. నేను వెలుగొచ్చాక బయల్దేరాను. ఉతికి ఆరేసిన తెల్లచొక్కా తీసి వేసుకున్నాను. మా ఆవిడ ఎక్కడికని అడగలేదు. చొక్కా చూసి, "ఇప్పుడే ఉతికాను," అంది అంతే.

ఏరు జానెడు లేచింది. ఎర్రగా ఉంది. స్తంభం మీద ముడతలు నిన్నటి చోట లేవు, దిగువకి జరిగాయి. పంచె ఎగ్గట్టి దిగాను. నీళ్లు తొడలదాకా వచ్చాయి. కాలితో తడుముకుంటూ వెళ్లి, స్తంభం తగిలాక దాని పక్కన ఆగాను. స్తంభం చాటున నీటి వడి కొంచెం తక్కువ. అవతలి గట్టు వైపు తిరిగి నిలబడ్డాను. మొండెమంతా నీళ్లపైనే ఉంది. మా ఇంట్లో అంత ఎత్తు మనిషిని నేనొక్కణ్ణే.

ఇవతలి గట్టు మీద ట్రాక్టరాయన తాడుతో సహా వచ్చి కూర్చున్నాడు.

"బాబాయ్, స్నానమా?" అని అరిచాడు.

నేను తిరగలేదు.

చాలాసేపటికి ఇంజను చప్పుడు వినబడింది. ముందు పొగగొట్టం కనబడింది, తర్వాత బానెట్, దాని వెనక ఏమీ కనబడలేదు. మా అమ్మాయి అక్కడ ఉందని తెలిసినవాణ్ణి కాబట్టి తెలుసు. బండి గట్టు మీద ఒక్క క్షణం ఆగింది. నేను చెయ్యి ఎత్తలేదు. పిలవలేదు. అలాగే నిలబడ్డాను.

బండి దిగింది. ముక్కు పైకెత్తి సూటిగా నా మీదికి వచ్చింది. ఇంజను ఒకే పాటున వస్తోంది, ఎక్కడా నీరసించలేదు. సీట్లోంచి ఎవరూ లేవలేదు. దగ్గరికొచ్చాక కొంచెం పక్కకి తిరిగి, నన్ను ఒరుసుకున్నట్టు వెళ్లింది. దాని అల నా గడ్డం దాకా కొట్టింది. క్యాన్లు గలగలమన్నాయి. పక్కకి వచ్చినప్పుడు అమ్మాయి ముఖం కనబడింది. ముందుకే చూస్తోంది.

గట్టెక్కాక బండి ఆగింది. ఇంజను ఆపలేదు. తను తల బయటపెట్టి వెనక్కి చూసింది.

"బాగా దారిలోకి నిలబడ్డావ్. చక్రం గుంట అంచు మీద నడిచింది," అంది. చెయ్యి బయటపెట్టి, స్తంభం వైపు ఒక అడుగు అవతల, నీళ్లలో ఒక చోటుని వేలితో చూపించింది. చిన్న సుత్తితో తట్టినట్టు రెండుసార్లు చూపించింది. "సాయంత్రం అక్కడ."

బండి వెళ్లిపోయింది. ట్రాక్టరాయన లేచి తాడు భుజాన వేసుకున్నాడు.

నేను తను చూపించిన చోటికి ఒక అడుగు జరిగి, కాలి కింద బండ నిలకడగా ఉందో లేదో చూసుకున్నాను.